కరెంటు పుదీనా

నా మాట ఇప్పటిదాకా ఎవరూ వినలేదు. జాలి కోసం అనడం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. హనుమకొండలో బట్టల బజారు వెనుక ఉన్న సంఘం హాలు కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది స్వయంగా తీసుకుపోయి చేతికిచ్చాను. రెండోది పోస్టులో వేశాను. మూడోది రిజిస్టరు చేసి పంపాను, ముట్టినట్టు సంతకం పెట్టి తిప్పి పంపిన కార్డు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. సంతకం పెట్టడానికి తీరిక దొరికిన మనిషికి జవాబు రాయడానికి దొరకలేదు. కమిటీ మారినప్పుడల్లా కొత్త అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ప్రతివాడూ చాయ్ తాగించి, “సూద్దాం సార్” అని పంపించాడు. మా ఆర్కెస్ట్రా నడిపిన లింగమూర్తిని నాలుగు పెళ్లిళ్లలో, ఒక దశదినకర్మలో ముఖాముఖి అడిగాను. ప్రతిసారీ నా భుజం మీద చెయ్యి వేసి, “ఇంక యాదుంచుకున్నవార రాజేశం నువ్వు” అని నవ్వాడు. ఉంచుకున్నాను. ఆఫీసులో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషిని నేను, కదలని కాగితాన్ని మరిచిపోవడం నాకు చేతకాదు.

ఈమధ్య ఆ హాలుకు మరమ్మతులు మొదలయ్యాయి. వేదిక పగలగొట్టి కొత్తది కడుతున్నారని తెలిసి రోజూ పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. మేస్త్రి సాంబయ్యకు మొదట చిరాకేసింది, తర్వాత నాకొక కుర్చీ వేయించాడు. మూడో రోజున వేదిక కింద నుంచి ఒక ఇనుప పైపు బయటపడింది. నా వయసులో సగానికి పైగా నేను ఎదురుచూసింది ఆ పైపు కోసమే. దాని సంగతి అర్థం కావాలంటే ముందు మా ఇంటి పుదీనా సంగతి చెప్పాలి.

మా ఇల్లు కాజీపేటలో, రైలు కట్టకు అవతల. రెండు గదులు, ముందొక పంచ, వెనుక వంటిల్లు. మా నాన్నను బాపు అని పిలిచేవాళ్లం, ఆయన పేరు కొమురయ్య. రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు చూసే సెక్షన్‌లో పని. డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన మీద బ్యాటరీల ఆసిడ్ వాసన, కొబ్బరినూనె వాసన కలిసి వచ్చేవి. ఖాకీ చొక్కాకు ఆసిడ్ చుక్కలు పడి ఆవగింజంత చిల్లులుండేవి. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఆదివారం నాడు పంచలో కూర్చొని వాటికి రఫ్ఫు వేసేది. ఆ చొక్కా జేబులో పెన్ను పక్కన ఎర్ర పిడి టెస్టరు ఉండేది. స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప అది జేబులోంచి దిగేది కాదు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా అది జేబులోనే. ఎవరింటికి వెళ్లినా ఆయన చూపు ముందు స్విచ్చుబోర్డు మీదికి పోయి, ఆ తర్వాత మనుషుల మీదికి వచ్చేది. అత్తగారి ఊళ్లో కూడా అంతేనని అవ్వ ఎత్తిపొడిచేది. “పెండ్లిసూపుల నాడు నన్ను సూసిండనుకున్నరా? మా ఇంట్ల మీటరు సూసిండు.”

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ప్లగ్గుకు మూడో పిన్ను అక్కరలేని వస్తువు. బోర్డుకు రెండే రంధ్రాలుంటే మూడో పిన్నును కటింగ్ ప్లేయరుతో విరగ్గొట్టేవారు. ప్లగ్గే లేకపోతే వైర్ల కొనలు చెక్కి రంధ్రాల్లో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చేవారు. బాపు అది చూస్తే అన్నం ముందు నుంచి కూడా లేచేవాడు. “రెండు పిన్నులతోని సామాను నడుస్తది, మూడోదానితోని మనిషి బతుకుతడు” అని ఎన్నిసార్లన్నాడో. ఆ మూడో పిన్ను చివరికి నేలలోకి చేరాలి. అందుకని వంటింటి వెనుక తానే పార పట్టి నిలువెత్తు గుంత తవ్వి, అందులో ఇనుప పైపు నిలబెట్టాడు. చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ల ఉప్పు వేయాలి. బొగ్గూ ఉప్పూ తేమను పట్టి ఉంచుతాయి. తేమ ఉంటేనే, దారి తప్పిన కరెంటు నేలలోకి దిగిపోతుంది. బొగ్గు వేసేదాకా ఏ గొడవా లేదు. ఉప్పు బస్తా విప్పగానే అవ్వ అడ్డం వచ్చింది.

“ఉప్పు భూమిల పోస్తవా? లచ్చిందేవిని తొక్కుకుంట తిరుగుదమా ఇంటిల్లిపాది?”

“ఉప్పు లేకపోతె ఎర్త్ లేదు.”

“నీ ఎర్త్ నాకెర్క లేదు. ఉప్పు మీద కాలు వెట్టద్దు, గంతే.”

“కాలు వెట్టద్దు. గంతే గదా?”

“గంతే.”

బాపు వాదించలేదు. గుంతను అలాగే రెండు రోజులు వదిలేశాడు. డోర్నకల్ డ్యూటీకి వెళ్లి వస్తూ తడిగుడ్డలో చుట్టి నాలుగు పుదీనా కాడలు తెచ్చాడు. ఉప్పు పోసి, పైన మూరెడు మంచి మట్టి కప్పి, పైపు మూతి చుట్టూ ఆ కాడలు నాటాడు. చుట్టూ ఇటుకలు పేర్చాడు. “గిప్పుడు ఎవ్వడు తొక్కుతడు?” అని అడిగాడు. అవ్వ కాసేపు చూసి, పసుపూ కుంకుమా తెచ్చి ఇటుకకు బొట్టు పెట్టింది. అప్పటినుంచి బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఆ మడిలోకే పోయాయి. ఎండాకాలంలో రోజుకొక బకెట్ నీళ్లు పైపు మూతిలో పోయడం నా పని. మర్చిపోతే బాపు తిట్టేవాడు కాదు, తానే లేచి పోసి వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాడు. తిట్టినా బాగుండేది. పుదీనా విరగబడి పెరిగింది. పక్కింటి ఆడవాళ్లకు ఇస్తే మాత్రం తీసుకునేవారు కాదు. “వద్దక్కా, మీది కరెంటు పుదీనా, పిల్లలకు షాక్ కొడ్తది” అనేవారు. “తినుర్రి, నాలికె మీద బుగ్గ వెలుగుతది” అని అవ్వ నవ్వేది. బల్బును మేం బుగ్గ అంటాం. ఆ పుదీనా పచ్చడి వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆకలి వేయదు, బకెట్ నీళ్లు పోశానా లేదా అని లేచి బకెట్ కోసం చూస్తాను.

గిటారు మా ఇంటికి రైలు డ్రైవరు ఒకాయన ద్వారా వచ్చింది. రిటైరై, కాలనీ క్వార్టరు ఖాళీ చేస్తూ బాపును పిలిచాడు. “కొమురయ్యా, గీ గిటారు దానికదే పాడుతది. దీని నోరు నువ్వు మూయించగలిగితే నీ కొడుకుకు తీస్కపో” అన్నాడు. కొబ్బరి పీచు రంగు చెక్క, మీద గీతలు, తంతి బిగించే ఒక చెవి వంకర. దానికి తోడుగా రేడియో రిపేరు చేసే అతనితో చెక్కపెట్టెలో కట్టించిన యాంప్లిఫయరు. రెండూ కలిపి పెట్టగానే ఇంట్లో తేనెటీగల పట్టు కదిలినట్టు గుయ్‌మని ఒకటే రొద. అవ్వ చెవులు మూసుకుంది. నేను నీరుగారిపోయాను. బాపు కళ్లు మెరిశాయి. ఆయనకు సంగీతం రాదు, ఏ పాటా పూర్తిగా విన్న మనిషి కాదు, కానీ తప్పు వినిపిస్తే వదిలే మనిషి అంతకన్నా కాదు.

ఆరు సాయంత్రాలు పట్టింది. రోజుకు ఒక్కటే మార్చాలని బాపు షరతు. రెండు మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. మొదటి రోజు ట్యూబులైటు ఆర్పించాడు. రొదలోని గరగర పోయింది, గుయ్‌మనేది మిగిలింది. రెండో రోజు గిటారు పట్టుకున్న నన్ను పంచలో మెల్లగా గుండ్రంగా తిరగమన్నాడు. యాంప్లిఫయరుకు ఎదురుగా ఉన్నప్పుడు ఎక్కువ, పక్కకు తిరిగితే తక్కువ. అవ్వ చూసి, “వానికి పిశాచి పట్టిందా తిప్పుతానవు” అంది. మూడో రోజు గిటారును యాంప్లిఫయరుకు కలిపే తీగ మార్చాడు. తేడా లేదు. నాలుగో రోజు, “తంతుల మీద చెయ్యి వెట్టు” అన్నాడు. పెట్టాను. రొద అలాగే ఉంది. బాపు తొడ చరిచాడు. “తంతి ముడితె ఆగాలె. ఆగుతలేదంటె తంతికి నేల అందుతలేదన్నట్టు.” వెనుక మూత విప్పితే, తంతులు ఆనుకునే ఇనుప మెట్టు నుంచి లోపలికి పోవాల్సిన సన్నని తీగ టాకా ఊడి వేలాడుతూ ఉంది. ఐదో రోజు దాన్ని అతికించాడు. ఆరో రోజు లోపలి గూటికి టీ పొడి పెట్టెలోని రేకు కత్తిరించి అంటించి, స్క్రూ కింద బిగించి, దానికీ నేల అందేలా చేశాడు. చెయ్యి తీస్తే చీమ నడిచినంత రొద. తంతి ముట్టుకుంటే అదీ లేదు. ఆ నిశ్శబ్దం విని బాపు నవ్విన నవ్వు నేను మళ్లీ చూడలేదు. “సప్పుడు ఏడికెళ్లి వస్తాందో అడగాలె బిడ్డా. ఎవని తప్పని అడుగుడు మనకెందుకు” అన్నాడు. అందులో మొదటి సగం నేర్చుకున్నాను. రెండో సగం నాకు అబ్బలేదు, ఇక అబ్బదు కూడా.

లింగమూర్తి నా కాలేజీ స్నేహితుడు. వాళ్లది బజారులో పెద్ద బట్టల దుకాణం. వాళ్ల నాయనను అందరూ పెద్ద సేటు అనేవారు. లింగమూర్తి హార్మోనియం బాగా వాయించేవాడు, మాట ఇంకా బాగా వాయించేవాడు. దుకాణం పైగదిలో ఆర్కెస్ట్రా మొదలుపెట్టి నన్ను గిటారుకు తీసుకున్నాడు. పాడటానికి సుగుణక్క వచ్చేది, ఆమె బడిలో టీచరు. రెండేళ్లు చిన్నా చితకా పెళ్లిళ్లలో వాయించాం. నేను ఎక్కడికి వెళ్లినా ముందు బోర్డు చూసేవాణ్ని. మూడో రంధ్రం లేకపోతే నల్లా పైపు వెతికి, దానికి తీగ చుట్టి తెచ్చుకునేవాణ్ని. నల్లా పైపు నేలలో ఉంటుంది గదా. వాళ్లు నవ్వేవారు, కానీ నా గిటారు ఎక్కడా రొద పెట్టలేదు.

అప్పుడు సంఘం హాలు కొత్తగా కట్టారు. కట్టించిన వాళ్లలో ముందున్నది పెద్ద సేటు. వినాయక నవరాత్రుల్లో అందులో మొదటి కార్యక్రమం మాకే దక్కింది. హాలు గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. బోర్డులన్నిటికీ మూడేసి రంధ్రాలుండటం చూసి, నల్లా తీగ అక్కరలేదనుకుని ఇంట్లోనే వదిలేశాను. నా జీవితంలో నేను చేసిన పొరపాటు అదొక్కటే. ఆ తర్వాతివన్నీ ఇతరులవి. సాయంత్రం హాలు నిండింది. మెట్ల మీద కూడా జనం. మా బాపూ అవ్వా మూడో వరుసలో కూర్చున్నారు. బాపు ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, జేబులో టెస్టరు. నేను స్విచ్చు వేయగానే గుయ్‌మని రొద హాలంతా నిండింది. తంతి ముట్టుకున్నాను. ఆగలేదు. పైగా వేళ్లకు సన్నగా జివ్వుమంది. అదే సమయంలో సుగుణక్క మైకు దగ్గరికి నోరు తెచ్చి, ఒక్కసారిగా వెనక్కి పోయింది. “తమ్మీ, మైకు కరుస్తాందిరా” అంది పెదవి మీద చెయ్యి పెట్టుకుని.

నాకు వెంటనే తెలిసిపోయింది. గిటారు లోపలి తీగ బాగుంది, ఆ ఉదయమే చూశాను. బోర్డుకు మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనుక నేల లేదు. ఫ్యాన్లు, రంగు లైట్లు, మైకు సెట్టు అన్నిటిలోంచి కారే కరెంటు నేలలోకి పోయే దారి లేక ఆ మూడో తీగలోనే తిరుగుతూ నా తంతుల్లోకి, సుగుణక్క పెదవిలోకి వస్తోంది. లింగమూర్తి దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను.

“జర పది నిమిషాలియ్యిరా. బయట నల్లా ఉన్నది, తీగ తెచ్చి కడ్త.”

“పది నిమిషాలా? ముందు వరసల మా నాయిన కూసున్నడు. బంద్ చెయ్ నీ డబ్బ.”

“నా డబ్బల ఏం లేదు. హాలుల ఎర్త్ లేదు.”

“కొత్త హాలురా గిది. గీ హాలుల తప్పుంటదా?”

అని, మైకుకు పెదవి తగలకుండా రెండు బెత్తెల దూరం నిలబడి, జనంతో ఇలా అన్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. “పెద్దలు జర ఓపిక పట్టుండ్రి. మా రాజేశం గిటారుల దోమలు సొచ్చినయ్. పొగ వెట్టి ఎల్లగొట్టినంక పాట మొదలువెడ్తం.” హాలంతా నవ్వింది. ఆ నవ్వు చల్లారాక నన్ను గిటారు తీగ పీకి, వాయిస్తున్నట్టు చేతులు ఆడించమన్నాడు. వేదిక మీద ఒకరు తక్కువైతే బాగుండదట. కార్యక్రమం అయ్యేదాకా పలకని గిటారు మీద వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాను. మూడో వరుసలో బాపు నా వేళ్ల వైపు చూడలేదు, గోడ మీది బోర్డు వైపు చూస్తున్నాడు. మర్నాటినుంచి హనుమకొండలో నా పేరు దోమల రాజేశం. నా పెళ్లిలో కూడా ఎవడో అన్నాడు. ఎవడో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇంతవరకైతే నేను మరిచిపోయేవాణ్ని కాదు గానీ, భరించేవాణ్ని. మర్నాడు పొద్దున బాపు సెలవు పెట్టి, తన టెస్టు బుగ్గ తీసుకుని నన్ను వెంటబెట్టుకుని హాలుకు వచ్చాడు. టెస్టు బుగ్గ అంటే హోల్డరులో పెట్టిన బల్బుకు రెండు పొడుగు తీగలు, అంతే. బోర్డులోని కరెంటు రంధ్రంలో ఒక తీగ, పక్క రంధ్రంలో ఇంకో తీగ పెడితే నిండుగా వెలిగింది. ఆ రెండో తీగను తీసి మూడో రంధ్రంలో పెడితే కూడా అంతే వెలగాలి. కానీ బల్బు లోపలి తీగ ఆరిపోయే బీడీ కొనలా ఎర్రబడి, అక్కడే ఆగింది. పెద్ద సేటు, లింగమూర్తి, ఇద్దరు కమిటీ వాళ్లు చుట్టూ నిలబడి చూశారు. బాపు చేతులు కట్టుకుని మర్యాదగా చెప్పాడు.

“సేటూ, గుంతల తేమ పడ్తలేదు. ఉప్పూ బొగ్గూ సరిగ వడ్డయో లేదో ఒక్కపారి తవ్వి సూపియ్యుండ్రి. నేనే తవ్వుత. పిల్లలు తిరిగే జాగ.”

పెద్ద సేటు బుగ్గ వైపు చూడలేదు. “గచ్చు పోసి నెల గాలే. నీ కొడుకుకు వాయించుడు రాకపోతె మా గచ్చు పలగ్గొట్టాల్నా?” అని, బాపు జేబులోని టెస్టరు వైపు గడ్డంతో చూపించి, “నువ్వు పోయి రైలు డబ్బల లైట్లు సూసుకో కొమురయ్యా. గీడ పెద్దోళ్లు కట్టిచ్చిండ్రు” అన్నాడు. బాపు తీగలు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. పక్కనే లింగమూర్తి నిలబడి ఉన్నాడు. వాడు నేల వైపు చూస్తున్నాడు. నా స్నేహితుడు సిగ్గుపడుతున్నాడనుకుని ఆ రోజు నేను లోలోపల వాణ్ని సగం క్షమించాను కూడా.

ఆ తర్వాత బాపు హనుమకొండ బజారుకు వెళ్లాల్సి వస్తే, గడప దాటే ముందు జేబులోంచి టెస్టరు తీసి గూట్లో పెట్టి వెళ్లేవాడు. తిరిగి వచ్చాక మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. అవ్వ ఒక్కసారి గూటి వైపు చూసి కొంగుతో దాన్ని తుడిచి పెట్టింది, అంతే. ఏళ్ల తర్వాత దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు కూడా ఆయన కళ్లు టేబుల్ ఫ్యాను ప్లగ్గు మీదే ఉండేవి. పోయాక ఆ టెస్టరు గూట్లోనే ఉండిపోయింది. నేను మూడు ఉత్తరాలు రాసింది నా మీద పడ్డ దోమల పేరు కోసమని బజారులో చెప్పుకుంటారు. కాదు. ఆ గుంతను తవ్వి చూపించమని మా బాపు అడిగాడు. ఎవరూ తవ్వలేదు. ఆయన చూసింది నిజమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను రాసింది దాని కోసం.

ఇప్పుడు సాంబయ్య మేస్త్రి దగ్గరికి వస్తాను. వేదిక కింద పైపు దొరికిందని పిలిస్తే కుర్చీలోంచి లేచి వెళ్లాను. పైపు మూతి సిమెంటుతో మూసుకుపోయి ఉంది. అంటే నీళ్లు పోసే దారి మొదటినుంచీ లేదు. సాంబయ్య చుట్టూ తవ్వి పైపును ఊపాడు.

“సార్, గిన్నేండ్లు భూమిల ఉన్న పైపు, గింత తుప్పు లేదేంది? నిన్న పాతినట్టే ఉన్నది.”

“చుట్టూ ఏమున్నది?”

“ఇసుక. అంత ఇసుకనే సార్. మంచి వాగు ఇసుక.”

బొగ్గు నలుపు లేదు. ఉప్పు తెలుపు లేదు. అడుగున చిలుము పట్టిన ఒక చిన్న రాగి చెంబు దొరికింది, పూజ చేసి పెట్టింది. ఆ గుంతకు పూజ చేశారు, చెంబు పెట్టారు, దాని మీది వేదికకు పెద్దల పేర్లు చెక్కిన పాలరాయి పెట్టారు. దానికి కావలసింది మాత్రం పెట్టలేదు. పొడి ఇసుకలో పైపు అన్నేళ్లు తుప్పు పట్టకుండా, ఎవరికీ పనికిరాకుండా నిలబడి ఉంది. నేను అప్పుడే లింగమూర్తికి ఫోను చేశాను. వాడి దుకాణం ఇప్పటికీ రెండు వీధుల అవతలే ఉంది. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చాడు. పైపును, ఇసుకను, చెంబును చూశాడు. చెంబును చేతిలోకి తీసుకుని బొటనవేలితో చిలుము రుద్దుతూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు.

“ఉప్పెట్ల పోస్తర్రా? వేదిక కిందికి వస్తది గదా గుంత. ఎందరు తొక్కుతరు. మా నాయిన ఒప్పుకోలే. ఉప్పు బస్తా ఇంటికే వాపస్ తెప్పిచ్చిండు. మా అమ్మ దాన్నే ఏడాది కూరలల్ల ఏసింది.”

చెప్పాక నా ముఖం చూశాడు. చెంబును మెల్లగా కింద పెట్టాడు.

నాకు కోపం రాలేదు. వస్తుందనుకున్నాను, రాలేదు. అవ్వ కూడా ఇదే మాటతో అడ్డం వచ్చింది గదా. ఉప్పును తొక్కకూడదన్న భయం మా ఇంట్లోనూ ఉంది, వాళ్ల ఇంట్లోనూ ఉంది. మా బాపు దానికి పుదీనా నాటాడు. వాళ్ల నాయన గచ్చు పోసి నోరు మూసుకున్నాడు. తేడా అంతే. ఆ తేడా కింద నా పేరు, మా బాపు జేబు నలిగిపోయాయి.

కొత్త ఎర్తింగ్ వేసే రోజు నేను పొద్దున్నే వెళ్లాను. ఈసారి గుంతను వేదిక కింద కాకుండా పక్క గోడ బయట తవ్వించాను. సాంబయ్య, “ఇప్పుడు ఉప్పు పోస్తలేరు సార్, పైపును తింటది. పౌడరు బస్తా వస్తది, నీళ్లు గూడ పెద్దగ అక్కరలేదు” అన్నాడు. బూడిద రంగు పొడి, రాగిపూత రాడ్డు, పైన మూత. చూశాను, బాగానే ఉంది. అప్పుడు రోజూ బకెట్ మోసే పని ఉండేది, మోయకపోతే మాట్లాడకుండా లేచే తండ్రి ఉండేవాడు. ఇప్పుడు మూత వేసి వెళ్లిపోతే సరిపోతుంది, ఎవరూ ఎవరి కోసమూ లేవనక్కరలేదు. మంచిదే. బాపు ఉంటే టెస్టు బుగ్గ పెట్టి చూసి ఒప్పుకునేవాడు. నేను మాత్రం ఇంటి నుంచి రాళ్ల ఉప్పు పొట్లం తీసుకుపోయాను. రాడ్డును ఎంత తింటుందో తిననీ. సగం నేను పోసి, మిగతా సగం లింగమూర్తి దోసిట్లో పెట్టాను.

“నువ్వు పొయ్యి.”

వాడు ఉప్పును చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రెండు ఉప్పు రాళ్లు రాలితే వంగి ఏరుకున్నాడు, ఆ మోకాళ్లతోనే.

“తొక్కరు గదరా?”

“తొక్కరు. పుదీనా పెడ్తాన.”

పోశాడు. చేతులు కళ్లకు అద్దుకున్నాడు. కుండీలోంచి తెచ్చిన కాడలు నేను చుట్టూ నాటాను. మధ్యాహ్నానికి లోపల బోర్డు బిగించారు. మా బాపు టెస్టు బుగ్గ పెట్టాను, మూడో రంధ్రంలో కూడా నిండుగా వెలిగింది. అప్పుడు గిటారు విప్పాను. అదే గిటారు, లోపల అదే టీ పెట్టె రేకు. స్విచ్చు వేసి, మోత మొత్తం పెంచి, తంతుల మీద చెయ్యి పెట్టాను. పని ఆపి కూలీలు చుట్టూ చేరారు. కాసేపు చూసి ఒకామె అడిగింది.

“ఏం ఇనవడ్తలేదు సార్?”

“అదే ఇనాలె అమ్మా” అన్నాను.

లింగమూర్తి కూడా విన్నాడు. నేను చెయ్యి తీయకుండానే అడిగాను, “నీకెప్పుడు తెలుసురా?” అని. వాడు కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మోకాలి నొప్పికి కొత్త డాక్టరు ఏ మందు రాశాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు అంతటితో వదిలేశాను. కూలీల ముందు స్నేహితుణ్ని నిలదీసేంత చిన్నవాణ్ని కాను. సాయంత్రం సుగుణక్కకు ఫోను చేసి చెబితే, “గదా తమ్మీ, నా పెదవికి అప్పుడే తెల్సు” అని చాలాసేపు నవ్వింది. నన్ను నమ్మడానికి ఆమెకు తవ్వకం అవసరం పడలేదు.

లింగమూర్తీ, ఇదంతా నేను రాస్తున్న ఈ పుస్తకం అచ్చు కాగానే మొదటి ప్రతి నీ దుకాణానికి నేనే తెచ్చి ఇస్తాను. చేతికిస్తాను, ముట్టినట్టు సంతకం అడగను. మీ నాయన సంగతి అడగడం లేదు. ఆయన భయం ఆయనది, ఆయన పోయాడు. క్షమాపణ అడగడం లేదు. దోమల పేరు కూడా నీ దగ్గరే ఉంచుకో. ఒక్కటే అడుగుతున్నాను. ఆ సాయంత్రం మైకుకు రెండు బెత్తెల దూరంలో నిలబడ్డావు. మర్నాడు పొద్దున మా బాపు చేతులు కట్టుకుని తవ్వి చూపించమన్నప్పుడు నువ్వు నేల వైపు చూస్తూ నిలబడ్డావు. ఆ గచ్చు కింద ఉప్పు లేదని నీకు అప్పటికే తెలుసా? అవునో కాదో ఒక్క మాట చాలు. ఏది చెప్పినా, గూట్లో ఉన్న ఎర్ర పిడి టెస్టరు తీసి నా జేబులో పెట్టుకుని బజారులోంచి నడిచి వస్తాను. మోకాళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు దీనికి జవాబు చెప్పు.